ముంజల కాలం, మందలింపుల కాలం

ఎండలు ముదిరాయి. ముంజలు కొట్టేవాళ్ళకు తీరిక లేదు. నందివాడ వరండాల్లో ఆవకాయకు మామిడి ముక్కలు తుడిచేవాళ్ళకు కబుర్లు లేనిదే చెయ్యాడదు. ఇళ్ళనిండా సెలవులకొచ్చిన పిల్లలే కాబట్టి కబుర్లన్నీ వాళ్ళ మీదే. "ఈ కాలం పిల్లలు మాట వినరమ్మా" అన్న మాట ఈ వేసవిలో ఆవపిండి కన్నా ఎక్కువే ఖర్చయింది.

"మా రోజుల్లో ఇలా ఉండేదా?" అన్నది తర్వాతి మాట. ఆ రోజుల సంగతీ చూద్దాం. మన మండలంలోని వెంకటరాఘవాపురంలో 1924లో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు చిన్నతనం నుంచే నాటకాలాడారు. ఆడవాళ్ళు రంగస్థలమెక్కితే ఒప్పుకోని కాలం కాబట్టి ఆడవేషాలు ఈ కుర్రాడికి దక్కాయి. 1941లో 'ధర్మపత్ని' సినిమా వచ్చేనాటికి ఆయనకింకా ఇరవై నిండలేదు. ఆయన్ని నాటకాల వైపు నడిపించింది తల్లి పున్నమ్మ గారే! ఇప్పుడు గుడివాడలో ఆయన పేరనే కాలేజీ ఉంది. పిల్లవాడి సరదాను అర్థం చేసుకున్న అమ్మలు ఆ రోజుల్లోనూ ఉన్నారన్నమాట.

ఇక పిల్లల రాకపోకల సంగతి. మగపిల్లాడు చెరువు గట్ల మీద తిరిగి తిరిగి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితే "కుర్రాడు కదా" అంటాం. ఆడపిల్ల గుడివాడలో కోచింగ్ ముగించుకుని ఏడింటికి వస్తే "ఏమిటీ తిరుగుళ్ళు" అంటాం. ఇద్దరూ వచ్చిన రోడ్డు ఒక్కటే, పైగా రెండు గంటలు ముందొచ్చింది ఆ పిల్లే. ఇది నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు. అలాగని 18 నిండని అబ్బాయికి గేర్ల బండి తాళం ఇవ్వడమూ ముద్దు చెయ్యడం కాదు, ప్రమాదం.

అన్నట్టు, ఫోను పడితే పిల్లలు చెడిపోతారంటాం. నాన్నకు చేపల రేటు చూసి చెప్పేదీ, మేత లారీ ఎంతవరకొచ్చిందో కనుక్కునేదీ ఆ ఫోనుతో ఆ పిల్లలే.

"నలుగురూ ఏమనుకుంటారు?" అని ఒక అమ్మమ్మ అనగానే పదో తరగతి మనవరాలు "ఎవరమ్మమ్మా ఆ నలుగురు?" అని అడిగింది. అమ్మమ్మ వేళ్ళు మడిచి లెక్కపెడితే ఇద్దరు సొంత ఇంటివాళ్ళే తేలారు. ఆ ఇద్దరికీ నచ్చజెబితే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఇంటర్లో చేరికల హడావుడి. ఈ రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా అరిగిన మాట "నీ ఇష్టం". దాని వెనకే "కానీ ఎంపీసీ తీసుకో" అని వస్తుంది! 18 నిండితే ఓటు ఇస్తోంది దేశం, 1989 నుంచీ ఇదే పద్ధతి. ఇంకో రెండు మూడేళ్ళలో ప్రభుత్వాన్ని ఎన్నుకోబోయే పిల్లను ఏ గ్రూపు కావాలో అడిగి, చెప్పేదాకా ఆగి వినాలి. కాదనాల్సి వస్తే కారణం చెప్పాలి. "ఎదురు చెప్పకు" అన్నది కారణం కాదు.

మరి, గుడివాడ బస్సులు పదింటికల్లా కిక్కిరిసిపోతున్నాయి. చేర్పించడానికి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరండి. దరఖాస్తులో గ్రూపు అని ఉన్నచోట మాత్రం పిల్లల చేతే రాయించండి.