పిన్ని ఇంటి అరుగు

మియాపూర్‌లో ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి నాకు ఒకటే పని. స్క్రీన్‌షాట్లు తీసుకోవడం. తెల్ల గోడలు, బూడిదరంగు సోఫా, ఫాల్స్ సీలింగ్‌లో దాక్కున్న లైట్లు... డిజైనర్ అన్నీ 3డీలో చూపించి తొమ్మిది లక్షలన్నాడు. నేను సరే అనేశా. నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావుంది. ఇందులో నేనెక్కడ కూర్చోవాలే?" అంది. జోకనుకుని నవ్వేశా.

అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది. అమ్మ మాటలు బాగా తగ్గిపోయాయి. కాస్త గాలి మార్పు ఉంటుందని డిసెంబర్‌లో అందరం భీమిలి బయల్దేరాం. అమ్మమ్మ ఇంట్లో ఇప్పుడు పిన్ని వాళ్లుంటున్నారు.

నిజం చెప్పొద్దూ, నా లెక్క వేరే. బాల్కనీకి 'కోస్టల్ థీమ్' అనుకున్నా. నీలం తెలుపు చారల దిండ్లు, గోడకి లంగరు బొమ్మ, గవ్వల లైటు. భీమిలి ఒడ్డున దిగి చూస్తే వాటిలో ఒక్కటీ లేదు! పడవలకి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. వలలు కుప్పలు. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాం. సాయంత్రం ఎండ పడితే ఆ మట్టి రంగు ఏ షేడ్ కార్డులోనూ ఉండదనిపించింది. అక్కడి మట్టి తీసుకెళ్లకూడదు కాబట్టి ఫొటోలు తీసుకున్నా, ఓ ముప్పై.

ఇల్లు మాత్రం మామూలు పెంకుటిల్లే. వీధి తలుపు తీస్తే పెరటి తలుపు ఎదురుగా కనిపిస్తుంది. రెండూ తీసి పెడితే సముద్రం గాలి ఇల్లంతా తిరిగి పోతుంది. ఫ్యాన్ గుర్తే రాలేదు. మా ఫ్లాట్ ప్లాన్‌లో సరిగ్గా ఆ గాలి వచ్చే దారికి అడ్డంగా టీవీ యూనిట్ పెట్టించబోతున్నానని అప్పుడు వెలిగింది.

రెండో రోజు సాయంత్రం అమ్మ వీధి అరుగు మీద కూర్చుంది. పిన్ని చిక్కుడుకాయలు తెచ్చి పక్కన పోసింది. "ఏటే అక్కా, అలా చిక్కిపోయావు?" అంది. అంతే. అమ్మ మొదలుపెట్టింది. అమ్మమ్మ ఆఖరి రోజుల గురించి, ఆసుపత్రిలో తను నిద్రపోయిన ఒక్క గంట గురించి... మాకెప్పుడూ చెప్పని సంగతులు. చీకటి పడేదాకా. నేను గుమ్మంలోనే నిలబడిపోయా. కాయలు ఎప్పుడో అయిపోయాయి. ఇద్దరి చేతులూ ఇంకా ఖాళీ చేటలో తిరుగుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే టేపు తెచ్చి అరుగు ఎత్తు కొలిచా. పదహారు అంగుళాలు. పిన్ని నవ్వింది. పెరట్లో పాత వీధి తలుపు రెక్క ఒకటి గోడకి ఆనించి ఉంది. ఉప్పు గాలికి ఇనుప బందులు తుప్పుపట్టి రాలిపోయాయి కానీ టేకు చెక్క గట్టిగా ఉంది. "పట్టుకుపోతావేటి?" అంది పిన్ని. రైల్వే పార్సిల్‌లో వేశాం.

డిజైనర్‌కి ఫోన్ చేసి ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్ వద్దన్నా. అతను కాస్త అలిగాడు. బాల్కనీలో ఇటుకతో అరుగు కట్టిస్తే బరువు పడుతుందన్నాడు, అది మాత్రం న్యాయమే. అందుకని హాల్లో కిటికీ కింద ప్లైవుడ్ పెట్టె చేయించి, పైన ఆ తలుపు పరిచాం. లోపల బియ్యం బస్తా పడుతుంది. గొళ్లెం ఉండే చిల్లు పూడ్చనివ్వలేదు. ఒక్క గోడకి ఫొటో చూపించి ఎర్రమట్టి రంగు కలిపించా. మూడోసారికి కుదిరింది. మిగతా గోడలు తెలుపే. మొత్తం ఖర్చు ఐదున్నర లక్షల్లో తేలింది.

గృహప్రవేశం అయిన సాయంత్రం అమ్మ దాని మీద కూర్చుని పిన్నికి వీడియో కాల్ చేసింది.

"కాళ్లు ఆనడం లేదేటే అక్కా?" అంది పిన్ని అటునుంచి.

పెట్టె పదహారు అంగుళాలకే చేయించాం. పైన పరిచే తలుపు మందం లెక్కేసుకోవడం మర్చిపోయాం. అమ్మ నా వైపు చూసి, చిన్న పీట ఒకటి తెమ్మంది.