ఇళ్ల కొరత, ఖాళీ ఇళ్లు, ఒక కుటుంబపు లెక్క

2012లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం దేశంలోని పట్టణాల్లో ఇళ్ల కొరతను సుమారు 1.88 కోట్లుగా అంచనా వేయగా, అంతకు ముందు ఏడాది జనగణన అవే పట్టణాల్లో దాదాపు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేల్చింది. ఈ అంకెలు ఒకదానినొకటి కాదనవు. కొరతలో 95 శాతానికి పైగా బలహీన, అల్పాదాయ వర్గాలది, అందులోనూ అధికభాగం నిలువనీడ లేకపోవడం కాక, పెళ్లయిన జంటకు విడిగా గది లేనంత ఇరుకులో బతకడం.

హైదరాబాదులో కోటి రూపాయల ఫ్లాటు అమ్మేవారు మాత్రం ఈ కొరతనే చూపి, ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేరని మధ్యతరగతిని తొందరపెడతారు. ఈ వ్యాసకర్త కుటుంబం కొండాపూర్‌లో నెలకు 30 వేల అద్దెకు ఉన్న ఫ్లాటు ధర 1.2 కోట్లు పలికింది. అంటే అద్దె రాబడి, ఏడాది అద్దెను ధరతో పోల్చినప్పుడు వచ్చే శాతం, మూడే. 90 లక్షల రుణం 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 78 వేలు దాటుతుంది, మొదటి నెల వడ్డీయే 63,750 రూపాయలు, అనగా అద్దెకు రెట్టింపు పైమాట. ధర ఏటేటా గట్టిగా పెరిగితే తప్ప ఈ తేడా పూడదు కనుక, అది ఇల్లు కొనడం కన్నా ధర మీద పందెం కాయడమే అవుతుందని ఆ కుటుంబం అప్పటికి అద్దెకే ఉండిపోయింది.

కొల్లూరు వైపు సగం ధరకే వచ్చిన ప్రీలాంచ్ ఫ్లాటునూ కాదనుకున్నారు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా వద్ద రిజిస్ట్రేషను కాకముందే మొత్తం సొమ్ము తీసుకుని, స్థలంలో అవిభాజ్య వాటా, వాడుకలో యూడీఎస్, రాసివ్వడమే ఈ పద్ధతి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం దాని పరిధిలోని ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా అమ్మరాదు, ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పదో వంతుకు మించి తీసుకోరాదు, కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టుకే కేటాయించిన ఖాతాలో ఉంచాలి. ఈ మూడు రక్షణలనూ వదులుకున్నందుకు దక్కేదే ఆ తగ్గింపు.

చివరకు కొన్నది హబ్సిగూడలో పాతికేళ్ల నాటి నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు. నిర్మాణం పూర్తయిన ఇల్లు కాబట్టి, కడుతున్న ఫ్లాటుపై పడే 5 శాతం జీఎస్టీ దీనికి లేదు; తక్కువ ఫ్లాట్లున్నందున స్థలంలో వాటా 54 గజాలు, ముప్పై అంతస్తుల టవరులో ఇంత వాటా దొరకడం అరుదు. పాత కట్టడమని బ్యాంకు రుణ గడువును తగ్గించడంతో చేతి సొమ్ము ఎక్కువే పెట్టవలసి వచ్చింది, లిఫ్టు మార్పిడి ఖర్చులో వాటా అదనం.