ఓడ దిగి తీగ ఎక్కాం

బరంపురం వాళ్లకి సముద్రం కొత్త కాదు. ఆదివారం సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని 16 కిలోమీటర్లు పోతే గోపాలపురం. అక్కడ ఇసుకలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకోవడం, నీళ్లు పాదాలకు తగలగానే వెనక్కి పరుగెత్తడం. మనకీ సముద్రానికీ వున్న చుట్టరికం ఇంతే. అలాంటిది మేము నలుగురం కిందటి యేడు ఓడ ఎక్కాం. దారిలో ఓడ దిగి, కొండ మీద ఇనప తీగకు వేలాడి మరీ వచ్చాం. ఈ మాట చెబితే ఇంట్లో వాళ్లే నమ్మలేదు. కనుక కాగితం మీద పెడుతున్నాం.

నలుగురం అంటే, ఉద్యోగానికి ఇంకా రెండేళ్లే గడువున్న మా హెడ్ క్లర్కుగారు, పట్టుబట్టల దుకాణం నడిపే మా బావగారు, మేమందరం ‘భాయినా’ అని పిలిచే ఒడియా మిత్రుడు, ఈ వ్యాసం రాస్తున్న మేము. ‘నేను’ అని రాయాలంటే కలం మొహమాటపడుతుంది. అందుచేత ఇకముందు కూడా మేమే. భాయినా మాట్లాడే తెలుగు మనలో చాలామంది తెలుగు కన్నా శుద్ధం. భయం వేసినప్పుడు మాత్రం ఒడియాలోకి దిగుతారు. ఆ సంగతి ముందు వస్తుంది.

మూడేళ్లు చీటీ వేసి డబ్బు కూడబెట్టాం. చెన్నపట్నంలో ఎక్కి, విశాఖపట్నంలో ఒక పగలు ఆగి, పుదుచ్చేరి మీదుగా మళ్లీ చెన్నపట్నం చేర్చే విహారపు ఓడ అది. బయలుదేరే ముందు అటక మీద నుంచి పెట్టె దింపుదామని చేయి పెడితే, మా తాతగారి బర్మా టేకు పెట్టె తగిలింది. దాన్ని మళ్లీ వెనక్కి తోసి చక్రాల సూట్‌కేసు దింపుకున్నాం గాని, మనసు ఆ పెట్టె దగ్గరే వుండిపోయింది.

మా తాతగారు 1936లో, అంటే మన గంజాం మదరాసు రాజధాని నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరిన యేడే, గోపాలపురంలో ఓడ ఎక్కి రంగూను వెళ్లారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఇంట్లో తిండిగింజలు లేవు. రంగూనులో బియ్యం మిల్లులున్నాయి. ఇంతకంటె కారణం లేదు. ఆ రోజుల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మనవాళ్లను ఎక్కించుకుని బర్మా చేర్చేవి. కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్లు తెలుగు కూలీలనందరినీ ‘కోరంగీలు’ అనేవారు.

స్టీమరు గోపాలపురం ఒడ్డుకు వచ్చేది కాదు. దూరాన లంగరు వేసుకుని నిలిచేది. అక్కడి దాకా మసూలా పడవలో పోవాలి. ఆ పడవకు మేకు వుండదు. పలకల్ని కొబ్బరి తాడుతో కలిపి కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ కెరటంతో పాటు వంగి లేస్తుంది. తాతగారు చెప్పే కథలో అసలు భయమంతా చివరి అంగలో వుండేది. పడవ ఒక బారెడు లేస్తుంది, ఒక బారెడు పడుతుంది. అది లేచిన క్షణంలో ఓడ మీద నుంచి వేలాడే తాడు అందుకుని పైకి పాకాలి. ‘‘తాడు మనల్ని పట్టుకోదురా, మనమే తాడుని పట్టుకోవాలి. వదిలావా, అంతే,’’ అనేవారు. చిన్నతనంలో ఆ మాటకు మేము నవ్వేవాళ్లం.

మా ఓడకు తాడూ లేదు, పాకడమూ లేదు. చల్లని హాల్లో వరసగా నిలబడి, పెట్టెలకు చీటీలు కట్టించుకుని, గుమ్మంలోంచి నడిచి ఎక్కాం. లోపల మేడలు, మెట్లు, లిఫ్టులు, ఈతకొలను, వేళ తప్పని భోజనాలు! సముద్రం మీద వున్నామన్న సంగతి కిటికీ చూస్తే గాని తెలియదు. రెండవ రోజు ఎటు చూసినా ఒడ్డు లేదు. భాయినాకు కడుపులో తిప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయ ఊరగాయతో కాలక్షేపం చేశారు.

మూడవ నాటి ఉదయం డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించింది. దాని పక్కనే విశాఖ రేవులోకి దారి. 1933లో ఈ రేవు తెరిచినప్పుడు మొదట లోపలికి వచ్చిన ఓడ ‘జలదుర్గ’. విహారపు ఓడల కోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ 2023లో తయారైంది. దిగేటప్పుడు ఓడ వాళ్లు తిరిగి ఎక్కవలసిన గంట రెండుసార్లు చెప్పారు. రైలు తప్పితే మరో రైలు. ఓడ తప్పితే మరేం లేదని హెడ్ క్లర్కుగారు మూడవసారి చెప్పారు.

టాక్సీ మాట్లాడుకుని కైలాసగిరి చేరాం. కొండ పైన తెల్లని శివపార్వతులు, కింద సముద్రం, దాన్ని ఒరుసుకుని పోయే రోడ్డు. దిగువన తెన్నేటి పార్కు దగ్గరే 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకువచ్చి ఒడ్డు పట్టింది. ఇనుప ఓడలకైనా సముద్రం దగ్గర మర్యాద తప్పదన్నమాట.

కొండ మీద జిప్‌లైన్ వుంది. ఎత్తైన గట్టు నుంచి పల్లంగా వున్న గట్టుకు ఉక్కు తీగ లాగి కడతారు. తీగ మీద కప్పీ దొర్లుతుంది. కప్పీకి పటకా, పటకాలో మనిషి. దీనికి యంత్రం అక్కరలేదు; పల్లానికి మనిషి బరువే లాక్కుపోతుంది.

కాగితం మీద సంతకం పెట్టాం. తొడలకు, నడుముకు, రొమ్ముకు పటకాలు బిగించారు, నెత్తిన హెల్మెట్టు. ‘‘గుండె జబ్బు గాని, బీపీ గాని వుంటే చెప్పండి,’’ అన్నాడు అక్కడి కుర్రవాడు. మా బావగారు ఒక్క క్షణం మా వంక చూసి, ‘‘బీపీకి మాత్ర వేసుకుంటున్నాను బాబూ,’’ అని నిజం చెప్పేశారు. కుర్రవాడు వద్దన్నాడు. మూడేళ్లు చీటీ కట్టిన మనిషి, మా పర్సులు, కళ్లజోళ్లు, ఫోన్లు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజు అందరికన్నా ధైర్యం చేసింది ఆయనేనని మా అభిప్రాయం.

మొదట హెడ్ క్లర్కుగారు. ‘‘ముప్ఫయ్యేళ్లు ఫైళ్లకి వేలాడాను, అరనిమిషం తీగకి వేలాడలేనా?’’ అంటూ జారిపోయారు. తరువాత భాయినా. గట్టు వదలగానే ‘‘మా గో!’’ అని ఒక కేక, ఆ వెనకే ‘‘జయ జగన్నాథ!’’ అని మరొక కేక. కొండంతా విన్నది.

ఇక మా వంతు. గట్టు చివరకు వెళ్లి కిందికి చూశాం. చెట్ల తలలు. కాలు దానంతట అదే వెనక్కి వచ్చింది. మరోసారి వెళ్లాం, మరోసారి వచ్చింది. ‘‘ఇంకెవరినైనా పంపించండి,’’ అన్నాం. కుర్రవాడు నవ్వలేదు. తలపైన తీగను పట్టుకోబోతున్న మా చేతిని మెల్లిగా దించి, ‘‘తీగ ముట్టుకోకండి సార్, కప్పీ కింద వేళ్లు నలుగుతాయి. మీరు పట్టుకోనక్కర్లేదు. అదే మిమ్మల్ని పట్టుకుంటుంది,’’ అన్నాడు.

ఆ మాట వినగానే మాకు తాతగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన చెప్పినదానికి ఇది సరిగ్గా తిరగేసిన మాట గదా! మాకు పటకాలున్నాయి, కప్పీ వుంది, చూసుకునే మనిషి వున్నాడు, అవతలి గట్టున అందుకునే మనిషి వున్నాడు, పైగా మధ్యాహ్నం భోజనానికి ఓడ కాచుకుని వుంది. పద్దెనిమిదేళ్ల ఆ పిల్లవాడికి వున్నవి రెండు చేతులే. కింద సముద్రం, వెనక ఆకలి. వదిలితే పట్టుకునే వాళ్లెవరూ లేరు.

ఈసారి కాలు వెనక్కి రాలేదు. ఎలా వదిలామో తెలియదు. ముందు కడుపు ఖాళీ అయినట్టయింది, చెవుల్లో గాలి, తలపైన కప్పీ చేసే కీచుమనే రొద. కళ్లు తెరిచేసరికి సముద్రం, దాని మీద చిన్న ఓడ ఒకటి. ఇరవై లెక్కపెట్టేలోగా అవతలి గట్టు వచ్చింది. ఎవరో పట్టుకుని నిలబెట్టారు. మోకాళ్లు వణుకుతున్నాయి. ‘‘కంట్లో దుమ్ము పడిందా?’’ అని హెడ్ క్లర్కుగారు అడిగారు. అవునన్నాం.

తిరుగుదారిలో బీచి రోడ్డు మీద బళ్లు ఆగిపోయి, గంట ముందు చేరదామనుకున్న వాళ్లం పదిహేను నిమిషాల ముందు చేరాం. రాత్రి పైఅంతస్తులో కూర్చుని, తాతగారి కథ మిగతాది మిత్రులకు చెప్పాం. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. వెళ్లేటప్పుడు ఓడ దొరికింది గాని వచ్చేటప్పుడు దొరకలేదు. 1942లో లక్షల మంది మనవాళ్లతో పాటు ఆయనా అడవుల వెంట, కొండల వెంట నడిచే వచ్చారు. పెట్టె మాత్రం అంతకు ముందే ఊరికి వస్తున్న వాళ్ల చేత పంపించారట. ఆ తరువాత బతికినన్నాళ్లూ గోపాలపురం ఒడ్డున కూర్చున్నారు గాని మళ్లీ ఓడ ఎక్కలేదు. అంతా విని భాయినా, ‘‘మా పెదనాన్న కూడా రంగూను పోయాడు. ఆయన రాలేదు,’’ అన్నారు. పాతికేళ్ల స్నేహంలో ఆ సంగతి మాకు తెలియదు.

తీగ ఎక్కదలచిన వారికి రెండు మాటలు. కడుపునిండా తిని వెళ్లకండి. జబ్బు దాచకండి. కాలికి పట్టివుండే జోళ్లు వేసుకోండి. ఓడ మీద వెళ్లినవారు గడియారం మరవకండి.

ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారం పిల్లల్ని తీసుకుని గోపాలపురం వెళ్లాం. పాత గిడ్డంగుల మొండిగోడలు అలాగే వున్నాయి. ‘‘ముత్తాత ఎక్కడ ఎక్కాడు?’’ అని మా అమ్మాయి అడిగింది. ‘‘అదిగో, ఆ నీళ్లలోనే,’’ అని చూపించాం. తీగ మీద తీయించుకున్న ఫోటో చూస్తానన్న పిల్ల దాన్ని మరచిపోయి, చాలాసేపు అటే చూస్తూ నిలబడింది.

బరంపురంలో మన ఇళ్ల అటకల మీద ఇలాంటి పెట్టెలు ఇంకా వున్నాయి. వాటి సంగతి తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వున్నవారిని ఈ వారమే అడిగి, రాసిపెట్టుకోండి.