ఎచ్చెర్లలో విప్పి పెట్టిన ఎస్.ఎల్.ఆర్.

అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినం. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పులకు పదిమంది పోలీసు జవాన్లు బలైన రోజది. ఏటా ఆ దినం సందర్భంగా జిల్లాల్లో పోలీసులు బడిపిల్లల కోసం ఓపెన్ హౌస్ పెడతారు. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలోని సాయుధ రిజర్వు మైదానానికి నేను వెళ్ళింది అప్పుడే. పిల్లలంతా పోలీసు కుక్కల చుట్టూ మూగారు. నేను మాత్రం తుపాకులు బాగుచేసే ఆర్మరర్ బల్ల దగ్గర ఆగిపోయాను. ఆకుపచ్చ గుడ్డ మీద ఒక ఎస్.ఎల్.ఆర్.ను భాగం భాగంగా విప్పి పరిచారు.

1962 చైనా యుద్ధం తరవాత పాత పాయింట్ 303 స్థానంలో మన సైన్యానికి వచ్చిన రైఫిల్ ఇది. బెంగాల్‌లోని ఈశాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. సైన్యం ఇన్సాస్‌కు మారిపోయినా పోలీసు శాఖల్లో ఇది నిలిచిపోయింది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండు పేలుతుంది. ఆ పేలుడు గ్యాసులో కొంత బ్యారెల్ పైనున్న చిన్న రంధ్రంలోంచి వచ్చి పిస్టన్‌ను తంతుంది. దాంతో బోల్ట్ వెనక్కి పోయి ఖాళీ కేసును బయటికి విసిరేస్తుంది. పిడిలో దాగిన స్ప్రింగులు దాన్ని మళ్ళీ ముందుకు తోస్తే మ్యాగజైన్లోంచి ఇంకో గుండు ఎక్కుతుంది.

ఆ గ్యాసు దారిలో మసి పేరుకుంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు, కేసు ఇరుక్కుంటుంది. మసి తియ్యడం బద్ధకమైతే రెగ్యులేటర్ తిప్పి గ్యాసు పెంచెయ్యొచ్చు.

"పెంచేస్తే పని జరిగిపోద్ది సార్. కానీ ఆ దెబ్బంతా ఎనక స్ప్రింగులకీ బోల్టుకీ కొడతాది. ఈరోజు పేల్తాది, ఏడాది తిరక్కుండా నా బల్ల మీదకొస్తాది" అన్నాడు ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్.

బోల్ట్ చేతికిచ్చి ఎక్స్‌ట్రాక్టర్ చూపించాడు. కేసు అంచును పట్టి లాగే గోరంత కొక్కెం అది. దాని అంచు రవ్వంత చిట్లినా ఖాళీ కేసు చాంబర్లోనే ఉండిపోతుంది. తరవాత రిసీవర్ లోపల టార్చి వేసి ఒక ఉక్కుదిమ్మ చూడమన్నాడు. బోల్ట్ మూసుకున్నప్పుడు దాని వెనకభాగం కిందికి దిగి ఆ దిమ్మకే ఆనుతుంది, పేలినప్పుడు దెబ్బంతా అక్కడే పడుతుంది. అది ఎంత అరిగిందో కంటికి తెలియదు. చాంబర్లో గేజ్ పెట్టి చూడాలి. బోల్ట్ మూసుకోకూడని గేజ్ మీద కూడా మూసుకుందంటే సందు పెరిగిందని అర్థం. అప్పుడు ఆ దిమ్మ తీసి కాస్త మందమైనది బిగించాలి. కానిస్టేబుళ్ళు చేసే రోజువారీ తుడుపుకూ ఆర్మరర్ విద్యకూ మధ్య గీత ఇక్కడే ఉంది.

నన్ను అన్నిటికన్నా పట్టి ఆపింది పుల్ త్రూ. ఒక కొస బరువు కట్టిన తాడు అది. చాంబర్ వైపు నుంచి జారవిడిచి, రెండో కొసకి చిందీ గుడ్డ తగిలించి మూతి వైపు నుంచి లాగుతారు. తిన్నగా లాగకుండా ఏటవాలుగా లాగితే తాడు ప్రతిసారీ మూతి అంచును ఒకే చోట ఒరుసుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా లాగితే అక్కడ గాడి పడుతుంది, గురి చెదురుతుంది. ఏటా మొబిలైజేషన్ శిక్షణలో కాల్చే గుళ్ళకన్నా వారం వారం చేసే శుభ్రమే ఇలాంటి బ్యారెళ్ళను ఎక్కువ అరగదీస్తుంది.

అలాగని తుడవకుండా వదలలేరు. కళింగపట్నం తీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఇనుము జోలికి రాకుండా ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. అలాంటి తుపాను రోజుల్లో డ్యూటీకెళ్ళిన తుపాకీ తడిసే తిరిగొస్తుంది. ఆ రాత్రే ఆరబెట్టి నూనె పట్టించకపోతే తెల్లారేసరికి తుప్పు మచ్చ కనిపిస్తుంది. నూనె ఎక్కువైనా తంటాయే, దుమ్ము పట్టేస్తుంది. కాల్చేముందు బోరూ చాంబరూ పొడిగా తుడవాల్సిందే.

2019 ఆగస్టులో బీహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో గౌరవ వందనానికి ఎత్తిన 22 రైఫిళ్ళలో ఒక్కటీ పేలలేదు. దేశమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మందుగుండు తేమెక్కినా, తుపాకీ మొరాయించినా అలాంటి వేళ తలదించుకునేది మైదానంలో నిలబడ్డ కానిస్టేబులే. కొత్త ఆయుధాలు కొంటే పత్రికల్లో ఫొటోలు వేస్తాం. స్ప్రింగులూ ఎక్స్‌ట్రాక్టర్లూ సమయానికి అందాయా లేదా అని మాత్రం ఏ విలేకరీ అడగడు. అడగాలని నా పట్టుదల.

మేం మాట్లాడుతుండగానే గార్డు డ్యూటీ దిగిన కుర్ర కానిస్టేబుల్ ఒకడు రైఫిల్ అప్పజెప్పడానికి వచ్చాడు. ఆర్మరర్ మ్యాగజైన్ తీయించి, చాంబర్ ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, వేలు పెట్టి తడిమి, బ్యారెల్‌ను వెలుతురుకు ఎత్తి చూశాడు. తిరిగి అతని చేతికే ఇచ్చేశాడు.

"తమ్ముడూ, ఇంకో చిందీ లాగు. తిన్నగా లాగాల."