గుమ్మం దగ్గర ఆగిన కాళ్లు

విశాఖ దగ్గర పద్మనాభంలో నా క్లినిక్ గుమ్మం వెడల్పు మూడడుగులు. దాని ముందు ఒక పెద్దాయన నిమిషంపాటు నిలబడిపోవడం చూశాను. ఒళ్లంతా లోపలికి వంగుతోంది, పాదాలు మాత్రం నేలకు అతుక్కుపోయాయి. మడమలు చిన్నగా లేచి పడుతున్నాయి, అడుగు మాత్రం పడటం లేదు. వెనకున్న కోడలు కంగారుగా చెయ్యి పట్టి లాగబోయింది. “లాగకమ్మా, ముందుకు పడిపోతారు” అంటూ నేనే లేచి వెళ్లాను. ఆయన పాదానికి అడ్డంగా నా కాలు పెట్టి, “దీన్ని దాటండి” అన్నాను. దాటారు. లోపలికొచ్చి కూర్చున్నారు.

డెబ్భై దాటిన వయసు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ గోళీ నలుపుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి. రెప్పపాటు తగ్గింది, గొంతు బాగా సన్నబడింది. మన పాతవాళ్లు కంపవాతం అన్నది ఈ జబ్బునే. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని వివరంగా రాశాక ఆయన పేరు స్థిరపడింది. విశాఖలో ఒక నరాల డాక్టరు రాసిన లెవోడోపా మాత్రలు ఈయన ఏడేళ్లుగా వాడుతున్నారు. ఆయుర్వేదంలో కంపవాతానికి ఇచ్చే దూలగొండి గింజల్లో కూడా ఉండేది ఈ లెవోడోపాయే.

ఆరోజు ఆయన వచ్చింది దగ్గు గురించి. చూసి మందు రాసిచ్చాను. వెళ్తుంటే కిటికీలోంచి వేపచెట్టు కింద నల్ల సైకిలొకటి కనిపించింది.

“ఎవరిదమ్మా ఆ సైకిలు?”

“మా మావదేనండి. నాను ఆటోలో ఒచ్చినాను, మావ సైకిలు మీదొచ్చినాడు.”

నమ్మలేక బయటికి వెళ్లి నిలబడ్డాను. గుమ్మం దగ్గర మళ్లీ కాళ్లు ఆగాయి, మళ్లీ నా కాలు అడ్డం పెట్టి దాటించాను. చెట్టు చుట్టూ ఉన్న అరుగు దాకా కోడలు భుజం పట్టుకుని చిన్నచిన్న అడుగులతో వెళ్లారు. సైకిలు అరుగుకు ఆనించి, అరుగు మీదికెక్కి, అక్కణ్ణించి సీటు మీదికి జరిగారు. ఎడమకాలితో అరుగును ఒక్క తోపు తోశారు. అంతే. వీపు నిటారుగా అయింది, మోకాళ్లు లెక్క తప్పకుండా లేస్తూ దిగుతూ సాగాయి. రోడ్డు మీద కోడిపెట్ట అడ్డమొస్తే బెల్లు కొట్టి పక్కకు తిప్పుకున్నారు. గుమ్మంలో అడుగు వెయ్యలేకపోయిన మనిషి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.

నెదర్లాండ్స్‌కు చెందిన నరాల వైద్యుడు బాస్టియాన్ బ్లూమ్, 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చం ఇలాంటి మనిషి గురించే రాశారు. వయసు 58, జబ్బు వచ్చి పదేళ్లు. నాలుగడుగులు వెయ్యబోతే పడిపోయేవాడు, సైకిలెక్కిస్తే మాత్రం హాయిగా తొక్కుకుపోయేవాడు. చదివినప్పుడు అది ఎక్కడో సైకిళ్ల దేశపు వింత అనుకున్నాను. అది నా గుమ్మం ముందుకే వచ్చింది.

కారణం పూర్తిగా తేలలేదు. నాకు సబబుగా తోచేది ఇది. నడిచేటప్పుడు ప్రతి అడుగునూ మెదడే లోపలినుంచి మొదలుపెట్టాలి. పార్కిన్సన్‌లో దెబ్బతినేది ఆ మొదలుపెట్టే చోటే. సైకిలు మీద ఒక పెడల్ కిందికి దిగితే రెండోది దానంతటదే పైకి లేస్తుంది, ఎప్పుడు తొక్కాలో పాదానికి బయటినుంచే కబురందుతుంది. నా కాలు అడ్డం పెట్టినా అదే జరుగుతోంది, దాటడానికి కంటికి ఒక గీత దొరుకుతోంది. అందుకే ఈ జబ్బున్న చాలామంది చదును నేల మీద ఆగిపోతారు గానీ మెట్లు ఎక్కేస్తారు. తర్వాతొకసారి ఆ పెద్దాయన్నే అడిగాను, మన పద్మనాభస్వామి కొండ ఎక్కి ఎన్నాళ్లయిందని. “కాలు నొప్పెడతాది గానీ బాబూ, మెట్లకాడ నా కాలు ఆగదు” అన్నారు. ఆ కొండకు వెయ్యికి పైగా మెట్లున్నాయి. ఎన్ని ఎక్కారో అడగలేదు.

ఆ మాట విన్నాక కోడలికి ఒక పని చెప్పాను. ఇంటి నడవాలో, గదిలోకి వెళ్లే దారిలో, మూరెడు దూరానికొకటి చొప్పున అడ్డగీతలు ముగ్గుతో వెయ్యమన్నాను. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చెయ్యే కదా, వేసింది. ఆ గీతల మీద ఆయన మంచం నుంచి పెరటిదాకా ఆగకుండా నడిచారు.

ఆయనది ఒకప్పుడు చిట్టివలస జూట్ మిల్లులో పని. మా గోస్తనీ నదే అక్కడికీ పారుతుంది. పక్కనే ఉన్న భీమునిపట్నం రేవునుంచి ఓడలెక్కిన గోగునారకు ప్రపంచ వ్యాపారంలో బిమ్లిపట్నం జూట్ అనే పేరొచ్చింది. మిల్లు కూతకు ముందే గేటు దగ్గర ఉండాలి కాబట్టి పొద్దున షిఫ్టు అయితే నాలుగింటికే లేచేవారు. చీకట్లో డైనమో వెలుతురులో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా వరసగా సైకిళ్ల మీద వెళ్లేవారట. వానొస్తే గోనెసంచి కొప్పెర. రాత్రి షిఫ్టు దిగి వస్తూ సీటు మీదే కునుకు తీసిన రోజులున్నాయన్నారు. మిల్లు మూతబడ్డాక అందరూ సైకిళ్లు వదిలేశారు, ఈయన వదల్లేదు. పనిలేకపోయినా పొద్దున్నే ఏటి ఒడ్డు దాకా వెళ్లి రావాల్సిందే. 1794 జులైలో విజయనగరం చినవిజయరామరాజు ఈస్టిండియా కుంపినీ సేనతో తలపడి నేలకొరిగిన ఊరు మా పద్మనాభం, ఊరి పేరెత్తితే అందరూ ఆ యుద్ధం సంగతే చెబుతారు. ఈయన మాత్రం ఏ రోడ్డు ఎప్పుడు తారు చూసిందో, ఏ కల్వర్టు ఏ తుపానుకు కొట్టుకుపోయిందో చెప్పేవారు.

ఆ సైకిలు దగ్గర కూర్చుని చూడాల్సిందే. ఇరవై రెండంగుళాల ఫ్రేము, నల్లరంగు పోయిన చోట నూనె గుడ్డతో తుడిచి తుడిచి ఇనుము నున్నబడింది. సీటు తోలు ఆయన కూర్చునే తీరుకు కుడివైపు కొద్దిగా కుంగింది. హ్యాండిల్ కుడి పిడికి ట్యూబు ముక్క చుట్టి ఉంది. చెయ్యి వణకడం మొదలయ్యాక జారకుండా ఆయనే చుట్టుకున్నారట. ఆ సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు. చెబితే సైకిలు మానెయ్యమంటారని.

ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు. అంతకు కొన్నేళ్ల ముందు మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక పాలాయనకు నేనే ఆ మాట చెప్పాను. రెండు క్యాన్లు కట్టుకుని ముప్ఫై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగే మనిషి. ఎక్స్‌రేలో అరుగుదల కనబడింది. వెనక వరసగా రోగులున్నారు. “సైకిలు మానెయ్యి” అని రాసి పంపేశాను. ఆయన మానేశాడు. పాలు కొడుకు మోటారు సైకిలు మీద వేస్తున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆయన బరువు తొమ్మిది కేజీలు పెరిగింది, చక్కెర వచ్చింది, మోకాళ్లు ఇంకా బిగిశాయి. వాళ్లావిడ వచ్చి చెప్పింది: “సైకిలు మానీమన్నారు కదండీ, మనిషి మూలకి సేరిపోనాడు. ఊళ్లో ఎవుళ్లతోనీ మాటనేదు.” ఆమె కోప్పడలేదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది.

అప్పుడు వెళ్లి ఆయన సైకిలు చూశాను. సీటు ఎంత కిందికుందంటే, పెడల్ పైకొచ్చినప్పుడల్లా మోకాలు ఛాతీ దాకా ముడుచుకునేది. ఆగినప్పుడు కాళ్లు నేలకానాలని, క్యాన్లు ఒరిగిపోకూడదని పెట్టుకున్న ఎత్తది. మోకాలు అంతగా ముడిచి బలంగా తొక్కితే చిప్ప ఎముక కింద ఒత్తిడి మితిమీరుతుంది. ముప్ఫై ఏళ్లలో నొప్పికి అరుగుదల ఎంత కారణమో, ఆ ఎత్తు ఎంత కారణమో నేను అడగనే లేదు. అడిగితే స్పానర్ తిప్పినంత సేపట్లో తేలే పని. పంక్చర్ షాపు కుర్రాణ్ణి పిలిచి సీటు మూడంగుళాలు పైకెత్తించాం. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి, ఆ ఎత్తు చాలు. ఖాళీ సైకిలు మీద రోజూ పావుగంటతో మొదలెట్టాడు. నడకలో ఒంటి బరువంతా మోకాలి మీదే పడుతుంది, సైకిలు మీద చాలావరకు సీటు మోస్తుంది. అరిగిన మోకాళ్లకు మేం చెప్పే వ్యాయామాల్లో సైకిలు మొదటి వరసలోదే. తెలిసీ వద్దన్నాను.

సైకిలు మేలు మోకాళ్లకే కాదు. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు 55 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 125 మంది సైక్లిస్టులను పరీక్షించి 2018లో ప్రచురించారు. వాళ్ల కండ వయసుతో కరగలేదు. వయసుతో కుంచించుకుపోవాల్సిన థైమస్ గ్రంథి, రోగాన్ని ఎదిరించే టీ కణాలను కుర్రవాళ్లలో ఉన్నంత చురుగ్గా తయారుచేస్తోంది. వాళ్లంతా జీవితంలో ఎక్కువ భాగం తొక్కినవాళ్లే. మన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లడాన్ని నిరాడంబరతకు గుర్తుగానే చెప్పుకుంటాం. డాక్టరుగా నాకు అందులో రోజూ కాళ్లకు, గుండెకు అందిన పని కూడా కనబడుతుంది.

ప్రమాదాలు నేను చూడకపోలేదు. వెనక క్యారియర్ మీద కూర్చున్న పిల్లల మడమలు చక్రం ఊచల్లో పడి చర్మం ఒలిచినట్టు ఊడిరావడం ఎన్నిసార్లు కుట్టానో. ఊచలకు అడ్డంగా ఒక జాలీ కట్టించుకోమని ప్రతి తండ్రికీ చెబుతాను. ఇంకొకటి ఎక్కువమందికి తెలియనిది. తొమ్మిదేళ్ల కుర్రాడు పడ్డప్పుడు రబ్బరు పిడి ఊడిపోయిన హ్యాండిల్ కొస కడుపులో గుచ్చుకుంది. పైన రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ, అంతే. రాత్రిదాకా ఆడుకున్నాడు. మర్నాడు వాంతులు, వీపులోకి పొడిచే నొప్పి. ఆ కొస క్లోమాన్ని వెన్నెముకకేసి నొక్కేసింది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి పంపాం, బతికాడు. హ్యాండిల్ కొస కడుపుకు తగిలిన పిల్లవాడు నవ్వుతూ ఉన్నా సరే, ఒకటి రెండు రోజులు కనిపెట్టి చూడాల్సిందే. పిడి ఊడితే ఆరోజే వేయించాలి.

అందుకే మిల్లు పెద్దాయనకు తొక్కమని ఊరికే చెప్పలేదు. ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. మాత్ర వేసుకున్న గంట తర్వాతే ఎక్కాలి, అప్పటికి ఒంట్లో బిగుతు సడలుతుంది. పగటిపూటే. ఆనందపురం వైపు పెద్ద రోడ్డు వద్దు, ఏటి దారి చాలు. ఈయనకు ప్రమాదం తొక్కేటప్పుడు కాదు, ఆగేటప్పుడు. కాబట్టి పాలాయనకు సీటు పైకెత్తిస్తే, ఈయనకు కిందికి దింపించాను, రెండు పాదాలూ నేలకు ఆనేదాకా. అదే కుర్రాడు, అదే స్పానర్. “అప్పుడు ఎత్తమన్నారు, ఇయ్యాల దింపమంతన్నారేటి సార్?” అన్నాడు. రెండూ మందే అని చెప్పాను.

మూడేళ్లు తొక్కారు. ఒకరోజు తనే ఆపేశారు. తల వెనక్కి తిప్పి లారీని చూడబోతే మెడ తిరగలేదట. “ఇంక నా వల్ల కాదు బాబూ. ఎవుడికో తగిలిస్తే పాపం” అన్నారు. నేను ఒక్కమాట అనక్కర్లేకపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు సైకిలు పక్కన పట్టుకుని నడిచేవారు, అది ఉంటే అడుగులు ఆగేవి కావు.

పోయినేడు చలికాలంలో జ్వరమని కబురొస్తే సాయంత్రం ఇంటికి వెళ్లాను. నడవాలో ముగ్గు గీతలు ఇంకా ఉన్నాయి. పెరట్లోంచి గిర్రుమని చప్పుడు. ఆ పాత సైకిళ్ల స్టాండు వెనక చక్రాన్ని నేలనుంచి ఎత్తి పడుతుంది కదా, మనవడు దాన్ని గోడవార స్టాండు వేసి, కదలకుండా కింద రెండు ఇటుకలు పెట్టాడు. పెద్దాయన దాని మీద కూర్చుని, తలకు మఫ్లరు చుట్టుకుని తొక్కుతున్నారు. జ్వరం పొద్దున్నే దిగిపోయిందట. చక్రం గాల్లో తిరుగుతోంది. టైరుకు ఆనించిన డైనమో ముందు దీపాన్ని వెలిగించింది, గోడ మీద పసుపుపచ్చ వెలుతురు గుండ్రంగా పడింది. కాళ్లు జోరందుకుంటే అది పెరుగుతోంది, తగ్గితే చిన్నదవుతోంది. నన్ను చూసి ఆపలేదు. “కూకోండి బాబూ, చిట్టివలస ఇంకా రాలేదు” అన్నారు.

కోడలు తెచ్చిన టీ తాగుతూ, నాడి చూడటానికి ఆయన ఆపేదాకా ఆ వెలుతురునే చూస్తూ కూర్చున్నాను.