అతిథి జట్టు కోసం ఎదురుచూపు
ఇంటి దగ్గర ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడించడం వెనుక ఎన్ని ఉత్తరాలు, ఎంత ఖర్చు, ఎన్ని లెక్కలు!

ముత్తియాల్‌పేట మణికూండు దగ్గర, చెన్నై బస్సులు వెళ్లే రోడ్డు మీద ఆ పదకొండేళ్ల కుర్రాడు నీలం జెర్సీ వేసుకుని తిరుగుతుంటే చూసినవాళ్లు భారత జట్టు అభిమాని అనుకుంటారు. దగ్గరికొస్తే ఛాతీ మీద కోడిపుంజు కనిపిస్తుంది. అది ఫ్రాన్స్ జట్టు జెర్సీ. పారిస్‌లో స్థిరపడ్డ మేనమామ పంపాడు. పుదుచ్చేరిలో ఇదేమీ వింత కాదు. 1954 నవంబరు 1న ఇక్కడి పాలన భారత్ చేతికి వచ్చినా, ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2018లో ఫ్రాన్స్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఈ ఊళ్లో కొన్ని ఇళ్లలో అది సొంత విజయమే.

వాడి తాతయ్యకు మాత్రం ఆ జెర్సీ చూస్తే ఎక్కడో కలుక్కుమంటుంది. ఆయన పుట్టింది యానాంలో. ప్రభుత్వోద్యోగం దాదాపు 800 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరికి తీసుకొచ్చింది. రిటైరయ్యాక ముత్తియాల్‌పేటలోనే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పండక్కి యానాం. ఒకసారి మనవణ్ని అడిగారు, ‘‘ఏరా, మన దేశానికీ జట్టుంది కదా, దాని జెర్సీ వేసుకోవా?’’ అని. కుర్రాడు తడుముకోకుండా చెప్పాడు: ‘‘వాళ్లు ఆడగా నేనెప్పుడూ చూళ్లేదు తాతయ్యా.’’

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చూడాలంటే జట్టు సొంత గడ్డ మీద ఆడాలి. ఆడాలంటే ఎవరో ఒకరు అతిథిగా రావాలి. జనాభాలో 140 కోట్లు దాటిన దేశం ఫుట్‌బాల్‌లో చిన్న దేశమే. చిన్న దేశం పిలిస్తే వచ్చేవాళ్లు తక్కువ.

2024 ఆగస్టులో ఆయనకు ఒక మంచి వార్త తెలిసింది. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్. భారత్‌తో పాటు సిరియా, మారిషస్. తొలి మ్యాచ్ సెప్టెంబరు 3న మారిషస్‌తో. ఆయన ఉత్సాహానికి కారణం ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు పోర్ట్ లూయీ పట్టణాన్ని కట్టించడానికి పుదుచ్చేరి నుంచి పనివాళ్లను తీసుకెళ్లారు. తర్వాతి శతాబ్దంలో యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి కూలీలు ఓడలెక్కారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కొరింగీలు అన్న పేరు అలా వచ్చిందే. ఉగాది అక్కడ ఇప్పటికీ సెలవు రోజు. ‘‘వచ్చేది పరాయివాళ్లు కాదురా, మనూరి నుంచి వెళ్లినవాళ్లున్న దేశం’’ అంటూ చెన్నై నుంచి హైదరాబాద్‌కు రెండు రైలు టికెట్లు తీశారు.

ఆ రైలు కదల్లేదు. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు విజయవాడ మునిగింది, ఖమ్మం మునిగింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు రద్దయ్యాయి. ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నప్పుడు మ్యాచ్ పోయిందని బాధపడటానికి కూడా ఆయనకు మనసొప్పలేదు. తాతామనవలు ముత్తియాల్‌పేట ఇంట్లోనే మ్యాచ్ చూశారు. అప్పటికి ఫిఫా ర్యాంకింగ్‌లో భారత్‌ది 124వ స్థానం, మారిషస్‌ది 179. కొత్త కోచ్ మానోలో మార్క్వెజ్‌కు అది తొలి పరీక్ష. ఫలితం 0-0.

‘‘ఒక్క గోలైనా లేదు. దీనికా తాతయ్యా మనం వెళ్దామనుకుంది?’’ అన్నాడు కుర్రాడు.

గోల్ లేకపోవడం ఒక్కటే నష్టం కాదు. ఇలాంటి మ్యాచ్‌ల్లో డ్రా కూడా ఖర్చే. 2018 నుంచి ఫిఫా అమలు చేస్తున్న పద్ధతిలో ప్రతి మ్యాచ్‌కూ ముందే ఒక అంచనా ఉంటుంది. రెండు జట్ల మధ్య 200 పాయింట్ల తేడా ఉందనుకుంటే, పెద్ద జట్టు స్నేహపూర్వక మ్యాచ్‌లో గెలిస్తే వచ్చేది మూడు పాయింట్లకు కాస్త పైన. డ్రా అయితే దాదాపు రెండు పోతాయి. ఓడితే దాదాపు ఏడు. ఫిఫా ప్రకటించిన తేదీల్లో ఆడితేనే ఈ లెక్క. ఆ తేదీలు కాకుండా ఆడితే విలువ సగమే. అంటే బలహీనుణ్ని పిలిస్తే గెలిచినా పెద్దగా రాదు, గెలవకపోతే పోతుంది. బలవంతుణ్ని పిలిస్తే ఓడినా పోయేది తక్కువే కానీ, బలవంతుడు ఊరికే రాడు.

తేదీలు ఎప్పుడంటే అప్పుడు దొరికేవీ కావు. క్లబ్బులు తమ ఆటగాళ్లను దేశానికి తప్పనిసరిగా వదలాల్సింది ఏడాదిలో ఆ కొద్ది విరామాల్లోనే. ప్రపంచంలోని జట్లన్నీ ఆ రోజుల్లోనే ప్రత్యర్థుల కోసం వెతుక్కుంటాయి. 2026 నుంచి సెప్టెంబరు, అక్టోబరు విరామాలను కలిపి ఒకటే చేశారు. రెండు సమాఖ్యల మధ్య ఉత్తరాలు నడవాలి. అతిథుల హోటలు, ఇక్కడి ప్రయాణాలు సాధారణంగా పిలిచినవాళ్ల బాధ్యతే. చాలాసార్లు విమాన చార్జీలు కూడా. పేరున్న జట్టయితే ఆడినందుకు విడిగా రుసుం. వీసాలు, రిఫరీలు, ఫ్లడ్‌లైట్లు, మైదానం పచ్చిక, అంబులెన్సు... ఇంట్లో పెళ్లి చేసినంత పని. పెళ్లికైనా మగపెళ్లివారు చివరి నిమిషంలో రామనరు. ఇక్కడ అదీ జరుగుతుంది. 2024 అక్టోబరులో వియత్నాంలో మూడు జట్ల టోర్నీ అనుకున్నారు. లెబనాన్‌లో యుద్ధ పరిస్థితి వల్ల ఆ దేశం తప్పుకుంది. చివరికి మిగిలింది భారత్, వియత్నాంల మధ్య ఒక్క మ్యాచ్. అదీ 1-1.

పెద్ద జట్ల సంగతి వేరు. 2011 సెప్టెంబరులో మెస్సీ ఉన్న అర్జెంటీనా కోల్‌కతాలో వెనెజువెలాతో ఆడింది. ఊరు మనది, ఆట మనది కాదు. 2025 నవంబరులో కొచ్చికి వస్తుందన్న అర్జెంటీనా రాలేదు. ఆ డిసెంబరులో మెస్సీ కోల్‌కతా, హైదరాబాద్, ముంబయి, ఢిల్లీ తిరిగి వెళ్లాడు. టికెట్లు కొన్నవాళ్లు చూసింది మనిషిని, మ్యాచ్‌ను కాదు. సొంత జట్టు ఆడితేనేమో సీట్లు ఖాళీ. 2018 జూన్ 1న ముంబయిలో చైనీస్ తైపీని భారత్ 5-0తో చిత్తు చేసిన రోజు చూడటానికి వచ్చింది 2,569 మంది. మర్నాడు సునీల్ ఛెత్రి వీడియోలో చేతులు జోడించి, తిట్టడానికైనా రండి అని వేడుకున్నాడు. ఆ తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. పిలిస్తే జనం వస్తారని తేలింది. అయితే ప్రతిసారీ కెప్టెన్ చేతులు జోడించాలా?

చిన్న జట్లను పిలవడం వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నకు జవాబు కూడా ముంబయిలోనే ఉంది. 2016 సెప్టెంబరు 3న అక్కడ భారత్ ప్యూర్టో రికోను 4-1తో ఓడించింది. 1955లో సోవియట్ జట్టు వచ్చి వెళ్లాక, 61 ఏళ్లకు ఆ నగరం చూసిన తొలి అంతర్జాతీయ మ్యాచ్ అది. అలాంటి ఆటలు ఒకటొకటిగా పోగై, 2017 జులైలో భారత్ 96వ ర్యాంకుకు చేరింది. వందలోపు ర్యాంకు ఉంటే అర్హత పోటీల డ్రాలో కాస్త మెరుగైన చోటు దక్కే అవకాశం ఉంటుంది. ఎవరూ పట్టించుకోని ఒక సాయంత్రం మ్యాచ్ రెండేళ్ల తర్వాత ఎవరితో తలపడాలో నిర్ణయించవచ్చు.

2024 నవంబరు 18న అదే గచ్చిబౌలిలో మలేసియాతో మ్యాచ్. ఈసారి తాతామనవలు ముందే బయల్దేరారు. స్టేడియం గేటు మీద జి.ఎం.సి. బాలయోగి పేరు చూసి పెద్దాయన ఒక్క క్షణం ఆగిపోయారు. యానాం నుంచి గౌతమి దాటి ఎదుర్లంక వెళ్లే వంతెనకూ అదే పేరు. లోపల కూర్చున్నాక మనవడికి రహీం మాస్టారి కథ చెప్పారు. హైదరాబాద్‌లో బడిపంతులుగా ఉండి దేశానికి కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించిపెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలిపారు. రెండో స్వర్ణం తర్వాత ఏడాది తిరక్కుండానే 1963 జూన్‌లో కన్నుమూశారు.

తర్వాత, తన తండ్రి చెప్పిన ఇంకో కథ చెప్పారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత్ ఆడిన తొలి మ్యాచ్ ఫ్రాన్స్‌తోనే. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. రామన్ గోల్‌తో స్కోరు సమం చేశారు. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. చివరి నిమిషాల్లో గోల్ ఇచ్చి 1-2తో ఓడిపోయారు. ఆ రోజు యానాం, పుదుచ్చేరి రెండూ ఫ్రెంచి ఏలుబడిలోనే ఉన్నాయి.

‘‘మరి ముత్తాతయ్య ఎవరి వైపు?’’

‘‘అడిగాను. నవ్వి ఊరుకున్నారు.’’

మైదానంలో భారత్ గోల్‌కీపర్ పొరపాటుతో మలేసియా ముందు గోల్ కొట్టింది. మొదటి సగంలోనే రాహుల్ భేకే తలతో కొట్టి సమం చేశాడు. ఆ గోల్‌కు కుర్రాడు సీటు మీదికెక్కి అరిచాడు. ఆట 1-1తో ముగిసింది. 2024 అంతా భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులను 3-0తో ఓడించాక గానీ విజయం రుచి తెలియలేదు. అదీ ఎంతోకాలం నిలవలేదు. అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ ఆశలు వదులుకుంది.

ఈ ఓటములేవీ కుర్రాడికి తెలియనివి కావు. ఎవరి ర్యాంకు ఎంతో తాతయ్యకంటే వాడే ముందు చెబుతాడు. ‘‘మనూళ్లో, ఉప్పలం గ్రౌండ్‌లో ఎప్పుడు ఆడతారు?’’ అని మాత్రం అడుగుతూనే ఉంటాడు. ఆ ప్రశ్నకు పెద్దాయన దగ్గర జవాబు లేదు. ముందు ఎవరో రావాలి, ఎవరో ఖర్చు పెట్టాలి, అన్నిటికంటే ముందు ఎవరో చూడాలి.

హైదరాబాద్‌లో కొన్న జెర్సీ, పారిస్ నుంచి వచ్చిన జెర్సీ ముత్తియాల్‌పేట మేడ మీద ఒకే తీగ మీద ఆరుతుంటాయి. రెండూ నీలమే. మ్యాచ్ ఉన్న రోజు ఏది వేసుకుంటావని పెద్దాయన ఇప్పుడు అడగడం మానేశారు.