వెలుగు మారిన వీధి

హైదరాబాద్ చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఎండ పడే తీరు మెట్రో దారి రాకముందు ఒకటి, వచ్చాక ఇంకొకటి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరసగా స్టేషన్లు. నడిరోడ్డు నెత్తిన కాంక్రీటు దారి వచ్చాక కింద నీడ చిక్కబడింది. పొద్దున్నే తూర్పు గల్లీల్లోంచి దూరే ఎండ స్తంభాల మధ్య పలకలు పలకలుగా పరుచుకుంటుంది. ఆ పలకలోకి ఒక పాల ప్యాకెట్ల బండి వచ్చే క్షణం కోసం ఎన్ని ఆదివారాలు నిలబడ్డానో!

ఫోటోలు నాకు బతుకుతెరువు కాదు, సెలవురోజు పని. ఎండ సంగతి నాకు నేర్పింది మాత్రం ఈ వీధి కాదు, పాలంపేట. రామప్ప గుడి మదనికలు మిట్టమధ్యాహ్నం నల్లటి ముద్దల్లా కనిపించాయి. సాయంత్రం ఏటవాలు వెలుగు పడగానే నగల గీతలు, వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తేలాయి. కొల్లేటి దగ్గర ఆటపాకలో గూడబాతుల కోసం కూర్చున్నప్పుడు ఓపిక అలవాటైంది. ఆ రెండూ పట్టుకుని ఇంటికొస్తే, రోజూ నడిచే దారి కొత్తగా కనపడింది.

చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పూలమ్మే ఒకామెను అడిగాను: "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా?"

"తీస్కో బిడ్డా, గని పూలు మంచిగ రావాలె."

ఆమె మల్లెదండను మోచేతి నుంచి వేలి కొసదాకా సాగదీసి మూర కొలిచి, ఇంకో జానెడు కలిపి తెంపింది. షట్టరు సెకనులో ముప్పయ్యో వంతుకు పెడితే, చేతులు పొగలా చెదిరి మొహం స్థిరంగా వచ్చింది. వారం తర్వాత ప్రింటు ఇస్తే, పూలబుట్ట అడుగున కాగితం కింద దాచుకుంది. నాకు దొరికిన అతిపెద్ద బహుమతి అదే.

సాయంత్రమైతే త్యాగరాయ గానసభ మెట్ల మీద గజ్జెలు కట్టుకుంటున్న పిల్లలు, వాళ్ళ జడలు సర్దే తల్లులు. వేదిక మీద కంటే అక్కడే మంచి ఫోటోలున్నాయి.

అశోక్‌నగర్‌ది వేరే లోకం. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్ళలో ఉంటారు. కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, టీ బండ్లు వాళ్ళ చుట్టూనే. నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో ఒకబ్బాయిని అడిగితే, "అన్నా, మొఖం రానీయకు. ఊళ్ళె చూస్తే జాబ్ ఏమాయె అని అడుగుతరు" అన్నాడు. అతని చేతిని, నోట్సు మార్జిన్లో మూడు రంగుల సిరాతో రాసుకున్న చట్టాల పేర్లను మాత్రమే తీశాను. ఆ వేళ్ళ మీది సిరా మరకలు ఇప్పటికీ నన్ను వదలవు.

ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెనను 2023 ఆగస్టు 19న తెరిచారు. అది ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం కావడం నాకు భలే సంతోషం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆ వంతెన మెట్రో మీదుగా పోతుంది. కింద బస్సులు, పైన రైలు, ఆపైన కార్లు. పక్కనే సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లు. కొత్త సినిమా శుక్రవారం ఇక్కడి సందడి తీయనివాడు హైదరాబాద్‌ను సగమే తీసినట్టు.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో పాఠశాల స్థాపించారు. నిజాం పాలనలో అది మామూలు సాహసం కాదు. పాఠశాలల వైపు నేను సెలవురోజే కెమెరా తీసుకెళ్తాను, పిల్లలు ఫ్రేములో పడకుండా.

నాలాగే రాజా దీన్‌దయాళ్ కూడా మొదట సరదాగానే కెమెరా పట్టారు. ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ డ్రాఫ్ట్స్‌మన్. 1885లో ఆరో నిజాంకు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. దర్బార్లు, మహళ్ళు ఆయన పుణ్యమా అని మనకు మిగిలాయి. వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ 2022లో కన్నుమూసేదాకా బతుకమ్మను, తెలంగాణ పల్లె బతుకును కెమెరాలో దాచారు. మరి ఈ గల్లీలను ఎవరు దాచాలి? నిరుడు నేను తీసిన ఒక పెంకుటిల్లు ఈ ఏడు లేదు. అక్కడ అపార్ట్‌మెంట్ పునాది తవ్వుతున్నారు. ఆ ఇంటి అరుగు, నీలం తలుపు నా దగ్గర ఒక్క ఫోటోలోనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున ఆరున్నరకు చిక్కడపల్లి స్టేషన్ మెట్ల దగ్గర మొదలుపెట్టండి. ఫోన్ కెమెరా చాలు. మనిషిని తీసేముందు అడగండి, తీశాక ప్రింటు ఇవ్వండి. మీరు దాచుకునే ప్రింటు వెనక గల్లీ పేరు, తేదీ తప్పకుండా రాయండి.